"నాకేటి లోటు" అన్న మనిషి మాట నమ్మాలా వద్దా?

జీడితోట
ఎం.ఏ. ప్రాజెక్టు కోసం పలాస, కాశీబుగ్గ వైపు జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ దగ్గరకి ప్రశ్నల ఫారం పట్టుకుని తిరుగుతున్నాను. ఎడ్ డీనర్ అనే అమెరికా సైకాలజిస్టు వాళ్ళు 1985లో తయారుచేసిన జీవిత సంతృప్తి స్కేలు అది. ఐదే వాక్యాలు, చాలావరకు నా జీవితం నేను కోరుకున్నట్టే ఉంది, మళ్ళీ బతికే అవకాశం వస్తే దాదాపు ఏదీ మార్చుకోను, ఇలాంటివి. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు, మొత్తం కలిపితే 5కీ 35కీ మధ్య వస్తుంది.

కటింగ్ మిషన్ దగ్గర కూర్చున్న ఒకావిడ, యాభై దాటుంటాయి, నేను వాక్యం చదవడం పూర్తవ్వకుండానే ఏడు వేసీ అనీసింది, అన్నిటికీ. ఆవిడ చేతులు చూస్తే జీడి నూనె తగిలి గోళ్ళ చుట్టూ నల్లగా మాడిపోయి, చూపుడువేలు చివర తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. పొద్దున్న బూడిద రాసుకుని కూర్చుంటారట, మధ్యాహ్నానికి చెమటకి అది కాస్తా పోతుంది. "నాకేటి లోటమ్మా, రెండు పూటలా తింటన్నాం, పిల్లలు చేతికందొచ్చారు" అంది. 35కి 35. మా క్లాసులో సరదాగా అందరం అదే ఫారం నింపుకుంటే ఒక్కరికీ పాతిక దాటలేదు.

ఆనందమంటే సుఖం అనేవాళ్ళున్నారు, తన బతుకు మీద తను ఇచ్చుకునే తీర్పు అనేవాళ్ళున్నారు, చక్కగా బతకడమే ఆనందం అనేవాళ్ళున్నారు. ఆ రెండో లెక్కలో ఆవిడ మా క్లాసు మొత్తం కన్నా మెరుగ్గా ఉన్నట్టే. నాకు మింగుడు పడట్లేదు. ఆవిడ మాట కాదనడానికి నేనెవర్ని, అలాగని ఔననడానికీ మనసొప్పట్లేదు. మీరేమంటారు?

నాగావళి_గట్టు
ఇందులో అడగడానికేటుంది. బాగున్నాను అంది కాబట్టి బాగుంది. రాసుకుని రావడమే.

గంటస్తంభం
నాగావళి గారూ అంత తేలిగ్గా తేల్చీకండి. బెంథామ్ అనే ఇంగ్లండు తత్వవేత్త 1789లో సుఖాన్ని కొలవొచ్చు అని ఏడు కొలతలు పెట్టాడు, ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు ఉంది, ఎంత ఖాయం, ఎంత దగ్గర్లో ఉంది, దాని వెనక ఇంకో సుఖం వస్తుందా, దాంట్లో దుఃఖం కలిసుందా, ఎంతమందికి అందుతుంది అని. ఆ లెక్కన వేళ్ళు మండుతూ గడిపిన రోజుకి మార్కులు తక్కువే పడాలి, నోటితో ఏమన్నా సరే. డీనర్ స్కేలు అడిగేది రోజెలా గడిచిందని కాదు, మొత్తం మీద నీ బతుకు నీకెలా కనిపిస్తోంది అని. అందుకే ఒకే మనిషి ఒక లెక్కలో ఫెయిలై ఇంకో లెక్కలో ఫస్టు వచ్చింది. జాన్ స్టువర్ట్ మిల్ అని తర్వాతి తరం తత్వవేత్త, అతన్ని వాళ్ళ నాన్న చిన్నప్పట్నుంచి బెంథామ్ లెక్కలతోనే పెంచాడు. ఇరవయ్యేళ్ళ వయసులో, 1826లో, నువ్వు కోరుకున్న మార్పులన్నీ ఈ క్షణమే జరిగిపోతే నీకు ఆనందమేనా అని తనని తాను అడుక్కుంటే లోపల్నుంచి కాదు అని జవాబొచ్చి మనిషి కుప్పకూలిపోయాడు. ఆ తర్వాత రోజుల్లో సుఖాల్లో కూడా హెచ్చూతగ్గూ ఉంటాయి, తృప్తిపడ్డ మూర్ఖుడికన్నా తృప్తిలేని సోక్రటీసు నయం అని రాశాడు.

పిక్కలోడు
తృప్తిపడ్డ మూర్ఖుడా? మాస్టారూ ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరి గురించో గుర్తుందా. మా అమ్మ అదే పని ముప్పయ్యేళ్ళు చేసింది. కిలోల లెక్కన కూలి, పప్పు విరిగితే కోత. నన్ను ఇంజినీరింగ్ చదివించింది ఆ చేతులతోనే. ఈ రోజు మీరొచ్చి ఫారం మీద ఆవిడ పెట్టిన మార్కు చెల్లదంటే అంతకన్నా అవమానం ఉంటాదా. జీతం తక్కువ ఇచ్చీవోడొకడు, తృప్తి కూడా తక్కువే అని రాసుకునీవోళ్ళు ఇంకొకలు.

గంటస్తంభం
ఆవిడని అనలేదు నాయనా, పెద్ద మాట అనకు. రెండు రకాల సుఖాలూ రుచి చూసినవాడే ఏది ఎక్కువో చెప్పగలడు అనేది మిల్ వాదన. అందుకు తెచ్చిన మాట అది.

పిక్కలోడు
రెండూ రుచి చూసినోడు ఎవడు మాస్టారూ? మా అమ్మకి మీ పుస్తకాలు తెలీదు నిజమే. ఒక బస్తా జీడిపిక్కలు కొట్టి లెక్క తేలి డబ్బు చేతిలో పడ్డప్పుడు ఉండే సుఖం ఆ మిల్‌కి తెలుసా? మరి జడ్జి ఎవరు?

ఇచ్ఛాపురం_బస్సు
ఈ రౌండు పిక్కలోడిదే 👏

టెక్కలి_ఎకనామిక్స్
పిక్కలోడి కోపం న్యాయమే గానీ ఒక విషయం చూడండి. బెంగాల్ కరువు మరుసటేడు, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్య పోయిన మగాళ్ళని అడిగితే 48.5 శాతం మంది ఒంట్లో బాగోలేదు, అంతంతమాత్రం అన్నారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా అన్నది 2.5 శాతం. ఆ రోజుల్లో ఆ ఇళ్ళల్లో భర్త పోయిన ఆడదానికి ఏ పాటి తిండి, ఏ పాటి వైద్యం దొరికేదో మనకి తెలియంది కాదు. అమర్త్యసేన్ ఈ లెక్కని పట్టుకునే, ఏళ్ళ తరబడి లేమిలో బతికినవాళ్ళు దక్కదనుకున్నదాన్ని కోరుకోవడం కూడా మానేస్తారు, దొరికినదానికే సంతోషపడటం నేర్చుకుంటారు, కాబట్టి వాళ్ళ నోటి మాట ఒక్కటే చూసి వాళ్ళకి ఎంత అన్యాయం జరిగిందో కొలిస్తే మోసపోతాం అన్నాడు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని సేన్ అనలేదు, దయచేసి గమనించండి. నిజంగా అలాగే అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

పిక్కలోడు
సారూ ఆరోగ్యమైతే డాక్టరు చూసి నీకు రక్తం తక్కువ అని చెప్తాడు, మనిషి బాగున్నానన్నా రిపోర్టు కాదంటాది. ఆనందానికి ఆ రిపోర్టు ఎవరిస్తారు? మనిషే కదా.
ఇంకోటి. మా ఆఫీసులో అందరికీ అసంతృప్తే. పక్కోడికి వచ్చిన హైక్, పక్కోడి ఫ్లాట్, పక్కోడి అమెరికా. దొరికిందాన్ని బట్టి మా అమ్మ తృప్తి తయారైంది అంటున్నారు సరే, పక్కోడిని బట్టి తయారైన మా అసంతృప్తి మాత్రం సొంతదేటి? దాన్ని ఎవరూ అనుమానించరే?

జీడితోట
ఈ రెండో పాయింట్ నాకు అస్సలు తట్టలేదు. సమ్నర్ అని కెనడా ఫిలాసఫర్, 1996 పుస్తకంలో, తృప్తి లెక్కలోకి రావాలంటే రెండు ఉండాలంటాడు, మనిషికి తన పరిస్థితి గురించి సరైన సమాచారం ఉండాలి, ఆ తీర్పు తను స్వతంత్రంగా ఇచ్చుకున్నదై ఉండాలి. ఇప్పటిదాకా దాన్ని ఫ్యాక్టరీ ఆవిడకే పెట్టి చూశాను. మా క్లాసుకి కూడా పెట్టాలి.

సాలిహుండం
అసలు కోరికలు తగ్గించుకోవడాన్ని జబ్బులా చూస్తున్నారేంటి అందరూ. గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ బానిసగా పుట్టాడు, మన చేతిలో ఉన్నదేది లేనిదేది తెలుసుకుంటే ఎవడూ నిన్ను బాధపెట్టలేడన్నాడు. ఇంకో గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్‌ని తాగుబోతు తిండిబోతు అనుకుంటారు గానీ ఆయన రొట్టె, నీళ్ళతో గడిపేవాడు, ఒక చిన్న కుండ జున్ను పంపండి, తినాలనిపించినప్పుడు విందు చేసుకుంటాను అని స్నేహితుడికి ఉత్తరం రాశాడట. మా పక్క వంశధార ఒడ్డు కొండ మీద బౌద్ధులు స్తూపాలు కట్టి చెప్పింది కూడా తృష్ణ తగ్గించుకోమనే. ఆ ఫ్యాక్టరీ తల్లి ఏ పుస్తకమూ చదవకుండా అక్కడికి చేరింది అనుకోవచ్చు కదా.

నాగావళి_గట్టు
సాలిహుండం గారి మాటకి +1. నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే.

గంటస్తంభం
ఇక్కడ ఒక మెలిక ఉంది. కఠోపనిషత్తులో నచికేతుడికి యముడు ఏమేమి ఇస్తానన్నాడో గుర్తు తెచ్చుకోండి. నూరేళ్ళు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, కావలసినంత భూమి, ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళ ఆయుష్షు. అన్నీ ముందు పెట్టాడు. అప్పుడు వద్దన్నాడు పిల్లవాడు. ఆ వద్దుకి అంత విలువ రావడానికి కారణం ఎదురుగా అవన్నీ ఉండటం. ఎపిక్యూరస్ కూడా అంతే, ఏథెన్సులో సొంత తోట ఉన్న మనిషి. ఫ్యాక్టరీ ఆవిడ ముందు ఎవరు ఏం పెట్టారు? వద్దని అనడానికైనా ఒక్కటి అందుబాటులో ఉండాలి కదా. ఎపిక్టెటస్ మాట ఒప్పుకుంటాను, ఆయన నిజంగానే ఏమీ లేని చోట నిలబడి చెప్పాడు. అయితే ఆయన తన గురించి చెప్పుకున్న మాటని తీసుకెళ్ళి యజమాని చేతికి ఇవ్వకూడదు.

సాలిహుండం
అలాగైతే మాస్టారూ ఉన్నోడికే వైరాగ్యం, లేనోడికి రాజీ అన్నట్టు అవుతుంది. మా తాతకి ఎవరూ ఏమీ ఇస్తామనలేదు, అరెకరం చెక్కలో బతికాడు, ఆయన నిబ్బరం నేను కళ్ళారా చూశాను. దాన్ని రాజీ అంటే ఒప్పుకోను.

గంటస్తంభం
ఒప్పుకోవద్దు. నేనూ అనను. తైత్తిరీయ ఉపనిషత్తులో ఆనందానికి కొలత కట్టారు చూడండి. యువకుడు, మంచివాడు, చదువుకున్నవాడు, దృఢంగా బలంగా ఉన్నవాడు, ధనంతో నిండిన భూమంతా అతనిదే అయితే అది ఒక మనుష్య ఆనందం. దాన్ని నూరేసి రెట్లు పెంచుకుంటూ గంధర్వులు, పితృదేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, అలా పైకి పోతారు. మొదటి మెట్టు దాటాక ప్రతి మెట్టు దగ్గరా, వేదం చదువుకుని, కోరిక తాకని శ్రోత్రియుడికి కూడా అంతే ఆనందం అంటారు. అది మీ తాతగారి పక్షం. కానీ మొదటి కొలత ఎలా కట్టారు? ఆరోగ్యం, చదువు, సంపదతోనే. అదీ ఇదీ రెండూ ఒకే చోట రాసిపెట్టారు మనవాళ్ళు, ఒకటి చూపించి రెండోది దాచకూడదు.

ఇచ్ఛాపురం_బస్సు
ప్రపంచ ఆనంద నివేదిక లిస్టులో ఫిన్లాండ్ 2018 నుంచి 2024 దాకా ప్రతి ఏడూ ఫస్టు, మనం 2024లో 143 దేశాల్లో 126. వాళ్ళకి మాగాయ లేదు, సంక్రాంతికి ఊరెళ్ళే బస్సు లేదు, ఇంకేం ఆనందమో 😄

టెక్కలి_ఎకనామిక్స్
ఆ లిస్టు నవ్వించేదే గానీ అడిగే పద్ధతి చూడండి, ఇక్కడ పనికొస్తుంది. సున్నా నుంచి పది మెట్ల నిచ్చెన ఊహించుకోమంటారు, పైమెట్టు మీకు సాధ్యమైనంతలో అతి మంచి బతుకు, కింద మెట్టు అతి చెడ్డది, ఇప్పుడు ఏ మెట్టు మీదున్నారు అని. పైమెట్టు ఎంత ఎత్తున ఉంటుందనేది ఎవరికి వాళ్ళు ఊహించుకున్నదే. పలాస దాటని మనిషి, బెంగళూరు చూసొచ్చిన మనిషి ఇద్దరూ ఎనిమిది అంటే అవి రెండూ ఒకటేనా?

డ్యూటీ_సిస్టర్
నైట్ డ్యూటీలో కూర్చుని మొత్తం చదివాను. ఉద్దానం పక్క డయాలసిస్ వార్డులో చేస్తాను. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వస్తారు, వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగేసి గంటలు మిషన్ మీద. మొదట్లో ఏడుపే. చుట్టూ కొబ్బరితోటలు, బొండాం నీళ్ళు తాగకూడదు, పొటాషియం పెరిగిపోతాది. మామూలు నీళ్ళు కూడా కొలిచి తాగాలి. ఒక తాతయ్య ఉన్నాడు, సీసా మూతలో నీళ్ళు పోసుకుని నాలిక మీద వేసుకుని కాసేపు అలగే ఉంచుకుంటాడు, మింగడు. ఎలగున్నావు తాతా అంటే "నాకేటమ్మా, రాజాని, నాలుగ్గంటలు ఏసీలో పడుకోబెడతారు" అని నవ్వుతాడు. ఆయనకి మీ ఐదు వాక్యాలు చదివితే మంచి మార్కులే పడతాయి, అది నటన కాదు, ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.
కానీ ఆయన తృప్తి చూపించి, చూశారా బాగానే ఉన్నారు కదా, ఇంక అక్కడ మంచినీళ్ళకీ వైద్యానికీ అంత హడావిడి ఎందుకు అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. ఆ తృప్తి ఆయన కష్టపడి సంపాదించుకున్నది, ఆయన సొంతం. ఆయనకి రావాల్సిన దాంట్లోంచి దాన్ని కోత పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

పిక్కలోడు
అప్పా, నేను ఇందాకట్నుంచి చెప్పలేకపోతున్నది ఇదే.

నాగావళి_గట్టు
అంతేకదా, మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు. లాటరీ తగిలినోడు, కాళ్ళు పోయినోడు కొన్నాళ్ళకి ఒకేలా ఉంటారని రీసెర్చే ఉంది.

టెక్కలి_ఎకనామిక్స్
నాగావళి గారూ ఆ రీసెర్చ్ 1978ది, బ్రిక్‌మన్ వాళ్ళది, అందులో ఉన్నది మీరన్నది కాదు. లాటరీ తగిలినవాళ్ళు 22 మంది, ప్రమాదాల్లో కాళ్ళూచేతులు పడిపోయినవాళ్ళు 29 మంది. ఐదు మార్కుల స్కేలు మీద లాటరీవాళ్ళకి 4.00, మామూలువాళ్ళకి 3.82, ప్రమాదం జరిగినవాళ్ళకి 2.96. లాటరీ వల్ల పెద్దగా ఒరిగింది లేదు అనేవరకు సరే. కాళ్ళు పోయినవాళ్ళు మనం భయపడేంత కుంగిపోలేదు, అదీ సరే. కానీ తేడా తేడాలాగే ఉంది. అలవాటు పడిపోతారులే అని చెప్పి ఈ స్టడీని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు ఆ 2.96ని ఎప్పుడూ చెప్పరు.

ఇచ్ఛాపురం_బస్సు
నోజిక్ అని ఒక అమెరికా ఫిలాసఫర్ 1974లో అడిగాడట, తలకి తీగలు తగిలించి తొట్టిలో పడుకోబెడితే నీకు ఏ అనుభవం కావాలంటే అది నిజంలాగే వస్తాది, జన్మంతా అందులో ఉంటావా అని. హైదరాబాద్ రూములో పడుకుని ఆలోచించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మా కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పడ్డాయి, ఆ మిషన్లో నాకు ఆ తోట మళ్ళీ నిలబెట్టి ఇస్తామంటే ఎక్కీస్తానేమో అనిపించింది ముందు. తర్వాత వద్దనుకున్నాను. మా నాన్న ఇప్పుడు అక్కడ కొత్త మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు, కాపుకి ఇంకా టైముంది, రోజూ ఫోన్లో విసుక్కుంటాడు. మిషన్లో తోట ఉంటాది, విసుక్కునీ మా నాన్న ఉండడు. ఉన్నా ఆయన కాదు.

పొందూరు_నూలు
రోజూ రీల్స్ చూస్తూ సగం ఆ మిషన్ ఎక్కీసే ఉన్నాం తమ్ముడూ.
తోట మాట వస్తే అరిస్టాటిల్ మీ పక్షమే. ఎంత మంచివాడైనా ట్రాయ్ రాజు ప్రియామ్‌కి వచ్చినట్టు చివర్లో సర్వం పోతే అతన్ని ఆనందంగా బతికాడని ఎవరూ అనరు, మంచితనంతో పాటు స్నేహితులు, పిల్లలు, కాస్త ఆస్తి, కాస్త అదృష్టం కావాలి అన్నాడు. ఇది చదివినప్పుడు నాకు నచ్చింది. కానీ ఆయనే ఇంకో చోట చేతిపని చేసేవాళ్ళకి ఆ ఉత్తమమైన బతుకు దక్కదు అంటాడు, ఖాళీ లేదు కాబట్టి. మా వీధిలో మామ్మ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతుంది, ఆ సన్నటి పళ్ళ మధ్య నుంచి దూది లాగేటప్పుడు ఎంత నొక్కాలో చేతికి తెలుస్తుంది, పక్కన కూర్చుని ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు రాలేదు. మనిషికున్న శక్తిని శ్రేష్ఠంగా వాడటమే ఆనందమైతే ఇది లెక్కలోకి ఎందుకు రాదు? నా ఉద్దేశంలో ఆయన సిద్ధాంతం మంచిది, ఆయన వేసుకున్న కంచె చెడ్డది.
జీడి ఫ్యాక్టరీ పనికీ మా మామ్మ పనికీ తేడా కూడా చూడాలి. ఇది మనిషిని పెంచే పని, అది మనిషి చేతుల్ని తినే పని.

పిక్కలోడు
మా అమ్మ చేతిలో కూడా పనితనం ఉంది అప్పా. పప్పు గుండుగా రావాలంటే ఎక్కడ దెబ్బ పడాలో తెలియాలి.

పొందూరు_నూలు
ఉంది, కాదనను. పనితనం ఉన్న చేతికి గ్లౌజులు ఇవ్వకపోవడం గురించే నా బాధ.
టెక్కలి సారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అమెరికా ఫిలాసఫర్ మార్తా నస్‌బామ్ 2000లో వేసిన పుస్తకంలో మన మహబూబ్‌నగర్ పక్క ఆడవాళ్ళ గురించి రాసింది. సరైన తిండి లేదు, మంచినీళ్ళు లేవు, అయినా ప్రభుత్వ కార్యక్రమం ఒకటి వచ్చి మాట్లాడించేదాకా వాళ్ళకి అది అన్యాయమనే తట్టలేదట. తట్టాక అడగడం మొదలెట్టారు. 1990ల మొదట్లో నెల్లూరు దూబగుంటలో కూడా అంతే కదా, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీదకి వెళ్ళారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళకి బడికి ముందు ఒకసారి, పోరాటం మధ్యలో ఒకసారి ఈ ఐదు వాక్యాల ఫారం ఇస్తే మార్కులు తగ్గి ఉండేవని నా గట్టి నమ్మకం. తగ్గితే వాళ్ళ బతుకు దిగజారినట్టా?

నాగావళి_గట్టు
ఇది మాత్రం ఆలోచించాల్సిందే. మార్కు తగ్గడం కూడా మంచికే అయితే మరి ఫారం దేనికి?

డ్యూటీ_సిస్టర్
జ్వరం చూసే థర్మామీటరు జబ్బు పేరు చెప్పదు, అలాగని పారెయ్యం కదండీ.

పిక్కలోడు
పొందూరు అప్ప రాసింది చదివాక ఒక విషయం రాయాలనిపిస్తోంది. మా అమ్మ ఎప్పుడడిగినా నాకేటి లోటు అనే అంటాది, అది నిజమే, నేను నమ్ముతాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ మా చెల్లి పదో తరగతి పరీక్షలయ్యాక సెలవుల్లో నేనూ వస్తాను, నాలుగు డబ్బులొస్తాయి అంటే మా అమ్మ ఆ రోజు కొట్టినంత పని చేసింది. ఆ షెడ్డు గుమ్మం తొక్కితే కాళ్ళిరగ్గొడతానంది. తనకి 35కి 35 వేసుకునీ మనిషి కూతురికి అదే బతుకు వద్దంది. మరి ఏది ఆవిడ అసలు తీర్పు? రెండూ ఆవిడవే అనిపిస్తోంది నాకు.

జీడితోట
అన్నయ్యా ఇది నా ప్రాజెక్టులో ప్రశ్నగా పెట్టుకోవచ్చా? "మీ అమ్మాయి ఈ పనికి వస్తానంటే ఏమంటారు?"

పిక్కలోడు
పెట్టుకో. మా అమ్మ పేరు మాత్రం వద్దు.

సాలిహుండం
ఒక జాగ్రత్త. వద్దంది కాబట్టి తను దుఃఖంలో ఉంది అని రాసీకు. మా నాన్న పోలీసు, నన్ను పోలీసు అవ్వొద్దన్నాడు, ఆయనకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. తనకి సరిపోయింది పిల్లలకి సరిపోదు అనుకోవడం వేరే సంగతి.

టెక్కలి_ఎకనామిక్స్
సాలిహుండం గారి మాట నిజం. అందుకే ఒక్క ప్రశ్న మీద నిలబడొద్దు. ఐదు వాక్యాలూ ఉంచు, అవి ఆవిడ తీర్పు, దాన్ని యథాతథంగా రాయి. నిన్న రోజెలా గడిచింది, ఎప్పుడు నొప్పి, ఎప్పుడు నవ్వు, అది వేరే కాలమ్. ఏమేమి అందుబాటులో ఉన్నాయి, బడి ఎంతవరకు, చేతులకి ఏమిస్తారు, పని మానేస్తే ఇంకో దారి ఉందా, అది ఇంకో కాలమ్. మూడింటినీ కలిపి ఒక్క మార్కు చెయ్యకు, గైడ్ అడిగినా చెయ్యకు.

జీడితోట
గైడ్ కచ్చితంగా అడుగుతారు సార్ 🙂 పోట్లాడతాను. మా క్లాసువాళ్ళకి కూడా మూడు కాలమ్‌లూ నింపిస్తాను, పిక్కలోడన్నయ్య అన్నట్టు మా అసంతృప్తి ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా తెలియాలి.

డ్యూటీ_సిస్టర్
ఒకటి మర్చిపోకు చెల్లీ. అడిగేటప్పుడు మేస్త్రీ గానీ ఓనరు మనుషులు గానీ పక్కన లేకుండా చూసుకో. మా వార్డులో డాక్టరు రౌండ్స్‌లో అడిగితే అందరూ బాగున్నామంటారు, రాత్రి పన్నెండు దాటాక నేనడిగితే వేరే చెప్తారు. వీలైతే సాయంత్రం ఇంటికెళ్ళి అడుగు, ఆటో దిగి నడిచీ దారిలోనైనా పర్లేదు.